ఉత్తమ పురుష తుపాకీ, ఉచితపు తూటా

ముందుగా ఒక వ్యాకరణ విషయం. కంప్యూటరు ఆటల్లో 'ఫస్ట్ పర్సన్ షూటర్' అనే జాతి ఒకటుంది. ఆడేవాడి కన్నే కెమెరా. తెరమీద తన ముఖం తనకు కనిపించదు. రెండు చేతులూ, వాటిలో ఒక తుపాకీ మాత్రం కనిపిస్తాయి. దీన్ని తెలుగు చేయబూనినవారు కొందరు 'ప్రథమ పురుష' అని రాసేస్తున్నారు. మన వ్యాకరణంలో ప్రథమ పురుష అంటే వాడు, ఆమె, అది. 'నేను' అన్నది ఉత్తమ పురుష. ఇంగ్లీషువాడి లెక్క 'నేను'తో మొదలై 'వాడి'తో ముగుస్తుంది. మన లెక్క 'వాడి'తో మొదలై 'నా' దగ్గర ముగుస్తుంది. కనుక వీటిని తెలుగులో పిలవదలచుకుంటే ఉత్తమ పురుష ఆటలనాలి. నవ్వొచ్చినా సరే.

ఈ మాట పాండిత్య ప్రకర్ష కోసం ఎత్తలేదు. ఉచితంగా దొరికే ఈ తుపాకీ ఆటల గురించి మన ప్రాంతంలో జరిగే చర్చ అంతా ప్రథమ పురుషలోనే సాగుతోంది. వాడు చెడిపోతున్నాడు, వాడి చేతిలో తుపాకీ ఉంది, వాడికి డబ్బు ఖర్చు లేదు. ఉత్తమ పురుషలో అడగవలసిన ప్రశ్న ఎవరూ అడగడంలేదు: ఈ ఆటకు నేను ఏమి చెల్లిస్తున్నాను? ఎప్పుడు, ఎవరికి, ఏ రూపంలో?

ఈ విషయంలో నాకు కనిపిస్తున్నవి రెండు పక్షాలు. రెండింటితోనూ నాకు పేచీ ఉంది.

మొదటిది పెద్దల పక్షం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పేర్లు వినగానే వీరికి సుమోలూ, వేటకొడవళ్లూ కనిపిస్తాయి. 'అసలే ఫ్యాక్షను గడ్డ, ఆపైన పిల్లలకు తుపాకీ ఆటలా?' అంటారు. ఒకే ఆట హైదరాబాదులో ఆడితే ఈ-స్పోర్ట్స్, కడప జిల్లాలో ఆడితే పూర్వజన్మ వాసన! ఈ చిత్రం వీరి బుర్రల్లోకి ఎక్కడినుంచి వచ్చిందో చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు. 1999లో సమరసింహారెడ్డి, 2001లో నరసింహనాయుడు, 2002లో ఆది, ఇంద్ర. మూడు గంటలపాటు మా ఊళ్ల పేరు మీద నెత్తురు పారించి వసూళ్లు చేసుకున్నవారు, ఇప్పుడు మా పిల్లవాడు మౌసు పట్టుకుంటే భయపడుతున్నారు.

కక్షలకు కారణాలు ఇక్కడ అందరికీ తెలుసు. భూమి, నీరు, గనులు, కాంట్రాక్టులు, పంచాయతీ ఎన్నికలు, ఊళ్లో పెత్తనం. అవి మొదలైననాటికి ఈ తాలూకాల్లో కరెంటు స్తంభం చూడని పల్లెలుండేవి. నాటుబాంబు చుట్టినవాడు ఎవడూ కంప్యూటరు ముందు కూర్చొని అది నేర్చుకోలేదు. అమెరికా మనస్తత్వశాస్త్ర సంఘం కూడా 2020 మార్చిలో ఒక తీర్మానం చేస్తూ, ఇటువంటి ఆటలకూ అరుపులూ తోపులాటల వంటి దుందుడుకుతనానికీ స్వల్ప సంబంధం కనిపిస్తున్నదని ఒప్పుకుంటూనే, దౌర్జన్య నేరాలను ఆటల నెత్తిన రుద్దడం శాస్త్రీయం కాదని చెప్పింది. ఈ పక్షానికి ఇంతకన్నా జవాబు అనవసరం.

ఆ మాటకొస్తే ఈ నేలకు ఆయుధం కొత్తా కాదు, ఉచితమైన ఆయుధం కొత్తా కాదు. 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ జమ్మలమడుగు పక్కనున్న గండికోటకు వచ్చినప్పుడు, అక్కడ మీర్ జుమ్లా తన కొలువులోని ఒక ఫ్రెంచివాడి చేత ఫిరంగులు పోత పోయించే పనిలో ఉన్నాడు. రాగి ఎక్కడిదంటే, గుళ్లలోంచి తెచ్చిన విగ్రహాలది. మీర్ జుమ్లాకు ఆ రాగి ఉచితమే. చెల్లించింది గుడి. ఉచితం అనే మాట విన్నప్పుడల్లా నాకు ఈ సంగతి గుర్తుకొస్తుంది.

రెండవ పక్షం కుర్రవారిది. 'ఉచితంగా దొరికే పది మేటి షూటింగ్ ఆటలు' అంటూ వీరు వేసే పట్టికల్లో బొమ్మల నాణ్యత, తుపాకుల సంఖ్య, మ్యాపుల అందం, అన్నిటికీ మార్కులుంటాయి. ధర అన్న గడిలో మాత్రం పది ఆటలకూ ఒకే సున్నా! నా అసలు పేచీ ఈ సున్నాతోనే. ఆ పది సున్నాలూ ఒకటి కావు. ఒకటి సత్రం భోజనం, ఒకటి పెళ్లి భోజనం, ఒకటి ఎన్నికల ముందు రోజు భోజనం. మూడింటికీ విస్తరి దగ్గర డబ్బు అడగరు. అంతమాత్రాన మూడూ ఒకటేనా?

కొంచెం వెనక్కి వెళ్లి చూద్దాం. 1993లో డూమ్ వచ్చినప్పుడు దాని మొదటి భాగాన్ని ఉచితంగా పంచిపెట్టారు. నచ్చితే మిగతా భాగాలు కొనుక్కోవాలి. మామిడికాయ కోసి ఒక ముక్క రుచి చూపించి అమ్మే పద్ధతి అది, దాపరికం లేదు. 1999లో మిన్ లె, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు కుర్రవాళ్లు హాఫ్-లైఫ్ అనే ఆట మీద అతుకు వేసి కౌంటర్-స్ట్రైక్ తయారుచేశారు. అతుకు ఉచితం, అసలు ఆట కొనాలి. మా ప్రాంతపు ఇంటర్నెట్ సెంటర్లలో ఆ 'కొనాలి' అన్న ముక్క ఎవరి చెవినా పడలేదనుకోండి. ప్రొద్దుటూరులో నేనెరిగిన ఒక సెంటరులో ఎనిమిది కంప్యూటర్లను ఒకే స్విచ్చికి కలిపి, గంటకు పది రూపాయల లెక్కన ఆడించేవారు. బయట ఇంటర్నెట్టు పోయినా లోపల ఆట ఆగేది కాదు. కారణం, సర్వరు ఆ గదిలోనే మూలనున్న కంప్యూటరు. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీనితో తరువాత పనుంది.

2002 జులై 4న అమెరికా సైన్యమే ఒక ఆటను విడుదల చేసింది. పేరు అమెరికాస్ ఆర్మీ. పూర్తిగా ఉచితం. అంగడి లేదు, పెట్టెలు లేవు. ధర ఎక్కడుందంటే, ఆడే కుర్రవాడు సైన్యంలో చేరాలన్న ఆశలో ఉంది. సైనికుల భర్తీకి పెట్టిన ప్రచారపు ఖర్చులో అది ఒక భాగం. ఇరవయ్యేళ్లు నడిచి, 2022 మేలో దాని సర్వర్లు మూతబడ్డాయి. 2003 మేలో వచ్చిన వుల్ఫెన్‌స్టైన్: ఎనిమీ టెర్రిటరీది వేరే కథ. ఒంటరిగా ఆడే భాగం కుదరక దాన్ని ఆపేసిన తయారీదారులు, నలుగురూ కలిసి ఆడే భాగాన్ని వ్యర్థం చేయడమెందుకని ఊరికే ఇచ్చేశారు. 2010లో దాని మూల సంకేతాన్ని కూడా విడుదల చేశారు. అందువల్ల ఆ ఆటను ఔత్సాహికులు నేటికీ బాగుచేసుకుంటూ ఆడుతున్నారు.

ఇవి పాత ఉచితాలు. కొత్త ఉచితం వేరు. 2007లో కొరియాలో క్రాస్‌ఫైర్ మొదలైంది. ఆట ఊరికే, లోపలి సరుకు డబ్బుకు. 2011 జూన్‌లో టీమ్ ఫోర్ట్రెస్ 2, 2018 డిసెంబరులో కౌంటర్-స్ట్రైక్: గ్లోబల్ అఫెన్సివ్, అంతవరకూ డబ్బుకు అమ్మిన ఆటలు, ఆ బాటే పట్టాయి. 2019 అక్టోబరులో ఫోన్ల మీదికి కాల్ ఆఫ్ డ్యూటీ: మొబైల్, 2020 జూన్‌లో వాలరెంట్, 2023 సెప్టెంబరులో కౌంటర్-స్ట్రైక్ 2 వచ్చాయి.

ఇక వీటిని పోల్చాలంటే నా దగ్గర నాలుగు ప్రశ్నలున్నాయి. డబ్బిచ్చినవాడికి ఆటలో బలం పెరుగుతుందా? కొనే సరుకు ఏమిటో కొనేముందు తెలుస్తుందా? సర్వరు ఎవరి చేతిలో ఉంది? నా యంత్రం మీద ఆ ఆటకు ఎంత అధికారం ఇవ్వాలి?

మొదటి ప్రశ్నకు ప్రమాణం మన ఊళ్లలోనే ఉంది. తిరునాళ్లలో జరిగే బండలాగుడు పోటీ చూడనివారు ఈ జిల్లాలో ఉండరు. పాలపళ్ల ఎద్దులకొక పోటీ, రెండు పళ్లవాటికొకటి, నాలుగు పళ్లవాటికొకటి. ఆ పోటీలో ఏ కాడి వచ్చినా బండ ఒకటే, సమయం ఒకటే. లాగిన దూరం అడుగుల్లో కొలుస్తారు. ఎద్దుల కొమ్ములకు వెండి తొడుగులు వేసుకో, మెడకు పట్టు తాడు కట్టుకో, ఎవరూ కాదనరు. కానీ డబ్బు కట్టినవాడికి బండ నుంచి రెండు క్వింటాళ్లు తగ్గిస్తామంటే ఆ పోటీ ఆరోజే ఆగిపోతుంది.

ఈ కొలతకు వాలరెంట్ నిలబడుతుంది. తుపాకి రంగు మార్చుకోవడానికి వేలు పోసినా గుండు దెబ్బ మారదు. పాత్రలన్నీ మొదటిరోజే చేతికి రావు. కొన్నిటిని ఆడి సంపాదించుకోవాలి, లేదా కొనుక్కోవాలి. అది చిన్న లోపం. కౌంటర్-స్ట్రైక్ 2 ఇంకా గట్టిగా నిలబడుతుంది. పాత్రలకు ప్రత్యేక శక్తులే లేవు. అయితే అందులో వేరొక మెలిక ఉంది. ఊరికే ఆడేవారు ఒక పంక్తి, సుమారు 15 డాలర్లు కట్టి 'ప్రైమ్' హోదా తీసుకున్నవారు ఒక పంక్తి. స్థాయిని తేల్చే 'ప్రీమియర్' పోటీలు ఆ రెండవ పంక్తివారికే. విస్తరి ఉచితమే; నెయ్యి మాత్రం పక్క పంక్తిలో వడ్డిస్తారు.

కాల్ ఆఫ్ డ్యూటీ: మొబైల్‌లో కొన్ని తుపాకులకు కొత్త రూపం కొంటే గురిచూసే ఇనుప ముక్క ఆకారం కూడా మారుతుంది. గురి తేటపడితే అది అలంకారమని ఎలా అంటాం? కొమ్ముల తొడుగు అని చెప్పి బండ కింద చక్రం పెట్టడమే అది. ఇక మా పల్లెల్లో అందరికన్నా ఎక్కువమంది ఆడిన ఫ్రీ ఫైర్ నిజానికి ఉత్తమ పురుష ఆట కాదు. కెమెరా పాత్ర వీపు వెనక నుంటుంది. అయినా దాన్ని వదిలిపెట్టి ఈ చర్చ సాగదు. తక్కువ జ్ఞాపకశక్తి ఉన్న చవక ఫోన్లలోనూ నడుస్తుంది, పది నిమిషాల్లో ఆట ముగుస్తుంది, కాబట్టి అది పల్లెకు చేరింది. అందులో తుపాకీ తొడుగు మారిస్తే దెబ్బ, వేగం, గుళ్ల సంఖ్య వంటి గుణాలే మారతాయి. ఇది పట్టపగలు బండ బరువు తగ్గించడం. దానికి పట్టికలో పెట్టిన సున్నాను ఏమనాలి?

రెండవ ప్రశ్న: సరుకు ముందే కనిపిస్తుందా? ఇక్కడ ప్రొద్దుటూరు నుంచే రెండు ఉపమానాలు తెస్తాను. ఒకటి బంగారం, రెండవది మట్కా.

ప్రొద్దుటూరు బంగారు అంగడిలో నగ కొంటే, తూకం ఇంత, తరుగు ఇంత, మజూరీ ఇంత అని కాగితం మీద రాసిస్తారు. తరుగు ఎక్కువ వేశారని జగడమాడవచ్చు. మళ్లీ అమ్ముకుంటే కొంత పోయినా లోహం విలువ చేతికి వస్తుంది. వాలరెంట్ అంగడిలో సరుకు కనిపిస్తుంది, పెట్టెలు లేవు, అందుకు మెచ్చుకుంటాను. కానీ రోజుకు నాలుగు తొడుగులే కనిపిస్తాయి, ఇరవైనాలుగు గంటల్లో మారిపోతాయి. 'ఈరోజు పోతే మళ్లీ ఎప్పుడో' అన్న తొందర పెట్టడమే దాని వ్యాపారం. కొన్నది ఇంకొకరికి ఇవ్వడానికి లేదు, అమ్మడానికి లేదు. నగకు మల్లే కనిపిస్తుంది గాని అంతా తరుగే, అంతా మజూరీయే. లోహం లేదు.

ఇక మట్కా. మా ఊరి పేరు పత్రికల జిల్లా పేజీల్లో మట్కా, క్రికెట్ పందేల వార్తల్లో ఎన్నిసార్లు కనిపించిందో చెప్పుకోవడానికి సిగ్గుపడవలసిందే. అయినా మట్కా లెక్క ఎంత బహిరంగమో గమనించండి. రెండంకెల జోడీలు నూరు. తగిలితే రూపాయికి మహా అయితే తొంభై. ఆ మిగిలిన పది ఎవరి జేబులోకి పోతుందో చీటీ రాసే బీటరుకూ తెలుసు, రాయించుకునే హమాలీకీ తెలుసు. తెలిసి మునుగుతాడు.

కౌంటర్-స్ట్రైక్ పెట్టెల సంగతి చూద్దాం. పెట్టె ఆటలో దొరుకుతుంది. తాళంచెవి దాదాపు రెండున్నర డాలర్లు, కచ్చితంగా చెప్పాలంటే 2.49. లోపల ఏ రకం సరుకు ఎంత శాతమో చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. 2017లో చైనా ప్రభుత్వం ఈ శాతాలు బయటపెట్టి తీరాలని నిబంధన తెచ్చాక, అక్కడ ఆ ఆట నడిపే సంస్థ చెప్పింది. అన్నిటికన్నా కింది రకం వచ్చే అవకాశం 79.92 శాతం. అందరూ ఆశపడే కత్తో చేతి తొడుగో వచ్చే అవకాశం 0.26 శాతం.

ఈ 0.26ను మామూలు మాటల్లోకి తెద్దాం. సగటున 385 పెట్టెలకు ఒకటి. 385 తాళంచెవుల ఖరీదు 958 డాలర్ల పైచిలుకు. డాలరు 85 రూపాయలనుకుంటే ఎనభైయొక్క వేలు. పోనీ 385 తెరిస్తే తప్పక వస్తుందా అంటే అదీ లేదు. అన్ని పెట్టెలు తెరిచినవారు వందమంది ఉంటే, అందులో 37 మందికి అప్పటికీ కత్తి రాదు. ప్రతి పెట్టే కొత్త పెట్టే. పాత ఓటములను అది లెక్కలోకి తీసుకోదు. నూరింటికి తొంభై ఇచ్చే మట్కాను పోలీసులు పట్టుకుంటారు. దీన్ని 'ఉచితం' అన్న గడిలో రాస్తున్నాం.

వచ్చిన కత్తి విలువైనా మన చేతిలో ఉంటుందా? 2025 అక్టోబరులో ఆ ఆట యజమానులు, కిందిరకం ఎర్ర తొడుగులు ఐదు ఇచ్చి కత్తి తీసుకోవచ్చునని ఒక్క మార్పు చేశారు. రాత్రికి రాత్రి కత్తుల ధరలు కూలిపోయాయి. ఎవరో ఒకరి మీట నొక్కుడుకు కరిగిపోయే బంగారాన్ని ప్రొద్దుటూరులో ఎవరూ కొనరు.

పోయిన సంవత్సరం జమ్మలమడుగులో మా బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు ఒక పంచాయితీ జరుగుతోంది. పదో తరగతి పిల్లవాడు. ఇంట్లో శనగలు అమ్మిన డబ్బు ఖాతాలో పడిన వారమే అది. తండ్రి ఫోనులోంచి దఫదఫాలుగా పదకొండు వేలు పోయాయి. ఆట పేరు చెప్పను. ఏ ఆటైనా అంతే. తండ్రి కోపమంతా తుపాకుల మీద. 'గన్నులు పట్టుకోని ఏం పనిరా నీకు, రౌడీవవుతావా?' అని ఒకటే అరుపు. పిల్లవాడు తల దించుకొని నా పక్కకు వచ్చి మెల్లగా అన్నమాట వేరు. 'అది గాదు మామా. ఇంకొక్క పెట్టె తెరిచింటే వచ్చేది.'

'తెరిచింటే వచ్చేది.' ఈ వాక్యం నేను చిన్నప్పటినుంచీ వింటున్నాను, టీ అంగళ్ల దగ్గర. 'ఒక్క నంబరుకు తప్పింది, ఇంకో నంబరు రాసింటే తగిలేది.' అదే వ్యాకరణం, అదే చేదర్థకం. ఆ ఇంట్లో తండ్రి భయపడవలసింది తుపాకీని చూసి కాదని నాకు అప్పుడే తెలిసింది. తెరమీద కాల్చిన తుపాకీ ఆట కట్టేయగానే పోతుంది. 'ఇంకొక్కటి' అన్న మాట ఫోను పక్కన పెట్టినా పోదు.

చట్టాలు ఏం చేస్తున్నాయని అడుగుతారు. 2020 సెప్టెంబరులో పబ్‌జీని, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను కేంద్రం నిషేధించింది. రెండుసార్లూ చెప్పిన కారణం దేశభద్రత, సమాచారపు గోప్యత. పిల్లల జేబు కాదు. పబ్‌జీ 2021 జులైలో బీజీఎంఐ అన్న పేరుతో తిరిగొచ్చి, 2022 జులైలో మాయమై, 2023 మేలో మళ్లీ ప్రత్యక్షమైంది. ఫ్రీ ఫైర్ పోయినా ఫ్రీ ఫైర్ మాక్స్ ఉండిపోయింది. పెట్టెలు ఎక్కడికీ పోలేదు. 2020లోనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1974 నాటి జూద చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీ వంటివాటిని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు ఒడ్డి డబ్బు గెలిచే ఆటలను దేశమంతటా నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను ప్రోత్సహిస్తామంది. సంతోషమే. కానీ పెట్టెవాడు 'నేను డబ్బు గెలిపిస్తానని అనలేదు, రంగు తొడుగు ఇస్తానన్నాను' అని తప్పుకోగలడు. బెల్జియం జూద నియంత్రణ సంస్థ 2018లోనే కౌంటర్-స్ట్రైక్‌తో సహా కొన్ని ఆటల పేర్లు చెప్పి, ఈ పెట్టెలు జూదమేనని తేల్చింది. మనం ఇంకా తుపాకీ మంచిదా చెడ్డదా అన్న చోటే ఉన్నాం.

మూడు, నాలుగు ప్రశ్నలు కలిపి చెబుతాను. సర్వరు ఎవరిది? నా యంత్రం ఎవరిది?

వాలరెంట్‌తోపాటు వాన్‌గార్డ్ అనే కాపలాదారు వస్తాడు. కంప్యూటరు వెలిగించినప్పటినుంచీ, ఆట తెరవకపోయినా, విండోస్ గర్భగుడిలో కూర్చుంటాడు. మోసగాళ్లను పట్టడానికట. పడతాడు కూడా, ఒప్పుకుంటాను. కానీ దొంగలను పట్టే నెపంతో మనింటి పడకగదిలో తలారిని పడుకోబెట్టమంటే ఆలోచించాలి. లినక్సు వాడేవారికి ఆ ఆట లేనేలేదు. ముంబయిలో సర్వరుంది, దాని నాణ్యత బాగుంది, సెకనుకు 128 సార్లు లెక్క చూస్తుంది. అయితే ఆ సర్వరు వారిది. వారు ఆపిన రోజు ఆట ఆగిపోతుంది. కౌంటర్-స్ట్రైక్ 2 ఈ విషయంలో నయం. లినక్సులో నడుస్తుంది, సొంత సర్వరు పెట్టుకోనిస్తుంది. పెట్టెల పాపం లేకపోతే నా మొదటి ఓటు దానికే పడేది. కాకపోతే డిస్కులో 85 గిగాబైట్ల చోటు కావాలంటుంది. జమ్మలమడుగులో పాత భాగాలతో కూర్చిన కంప్యూటరుకు అది మోయలేని మూట.

ఇక పట్టికల్లో ఎప్పుడూ కనిపించని పేర్లు చెబుతాను. 2005 ఆగస్టులో క్వేక్ 3 మూల సంకేతాన్ని స్వేచ్ఛా లైసెన్సు కింద విడుదల చేశారు. దానిమీద ఔత్సాహికులు కట్టుకున్నది ఓపెన్అరీనా. అదే వంశపు పాత క్వేక్ యంత్రం మీద నెక్సూయిజ్, దాన్నుంచి 2011లో జోనాటిక్. ఇవిగాక అసాల్ట్‌క్యూబ్ ఉంది. పట్టుమని వంద మెగాబైట్లు కూడా ఉండదు. వీటిలో అంగడి లేదు, పెట్టె లేదు, పంక్తిభేదం లేదు, కాపలాదారు లేడు. ఎవరైనా దించుకోవచ్చు, పక్కవాడికి పెన్‌డ్రైవులో ఇవ్వవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు. సర్వరు మీ గదిలోనే పెట్టుకోవచ్చు.

పులివెందులలో ఇంజనీరింగు చదివే మా బంధువుల అబ్బాయి ఒకడు తన గదిలోని పాత కంప్యూటరును సర్వరుగా పెట్టి ఓపెన్అరీనా ఆడిస్తున్నాడు. పది పన్నెండుమంది చేరతారు. వారిలో ఒకడు తుపాకీ వేగం మార్చాలని మూల సంకేతం తెరిచి, సి భాష అప్పటిదాకా పరీక్ష కోసం చదివినవాడు, మొదటిసారి పని కోసం చదివాడు. ఎక్కడెక్కడి ఉచితాలలోనూ నేను చూసిన ప్రతిఫలం ఇది ఒక్కటే, ఆడేవాడి వైపు వచ్చింది.

దూరం లెక్క కూడా వీరి పక్షానే ఉంది. గాజుతీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. కడప నుంచి ముంబయి గాలిదారిన ఎనిమిది వందల కిలోమీటర్లు. పోయి రావడానికి, నడుమ ఏ మజిలీ లేకపోయినా, 8 మిల్లీసెకన్లు పడుతుంది. సింగపూరు అయితే మూడు వేల పైచిలుకు కిలోమీటర్లు, 30 మిల్లీసెకన్ల పైన. దారిలోని మజిలీలు కలిస్తే అది ఎన్నోరెట్లవుతుందని ఆడేవారందరికీ అనుభవమే. పక్క గదిలోని సర్వరుకు ఒక్క మిల్లీసెకను కూడా పట్టదు. ఇరవయ్యేళ్ల కిందట ప్రొద్దుటూరు సెంటరులో గంటకు పది రూపాయలకు దొరికిన ఆ వేగం, నేడు నెలనెలా వందలు పోసే ఇంటర్నెట్టులో దొరకడంలేదు.

నాకు రాబోయే ఆక్షేపణలు ఊహించగలను.

'ఆ ఆటల బొమ్మలు ఇరవయ్యేళ్ల నాటివి.' నిజమే. చదరంగం బొమ్మలు అంతకన్నా పాతవి.

'వాటిని ఎవరూ ఆడటంలేదు, సర్వర్లు ఖాళీ.' ఇదీ నిజమే, దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. ప్రపంచంలో తనెంతటివాడో తేల్చుకోవాలనుకునే కుర్రవాడికి లక్షలమంది ఆడే ఆటే కావాలి. అతడు వాలరెంట్ ఆడితే నేను తప్పుపట్టను. బండ అందరికీ ఒకటే కనుక. కానీ నూటికి తొంభైమంది ఆడేది స్నేహితులతో. దానికి పదిమంది చాలు, ఒక గది చాలు.

'కంపెనీవాడు బతకవద్దా?' బతకాలి. ఆట కట్టినవాడికి కూలి ముట్టాలి. గ్లోబల్ అఫెన్సివ్‌ను 2012లో 15 డాలర్లకే అమ్మారు. ఆ ధర గోడమీద రాసి ఉంది. కొంటే కొంటాం, లేకుంటే లేదు. ధర రాసి అమ్మినవాడితో నాకు ఏ తగాదా లేదు. సున్నా అని రాసి లోపల 0.26 దాచినవాడితోనే తగాదా.

'మా డబ్బు, మా ఇష్టం.' పెద్దవాళ్లు అంటే వింటాను. శనగలు అమ్మిన డబ్బు పదో తరగతి పిల్లవాడిది కాదు.

కనుక నా పట్టిక ఇది. సర్వరు మనదై, అంగడి లేని ఓపెన్అరీనా, జోనాటిక్, అసాల్ట్‌క్యూబ్, ఎనిమీ టెర్రిటరీ మొదటి వరుస. ధర కనిపించి, బండ సమానంగా ఉన్న వాలరెంట్ రెండవ వరుస, కాపలాదారు సంగతి తెలుసుకుని ఆడేవారికి. ఆటగా మొదటి వరుసకు తగినా పెట్టెల వల్ల దిగజారిన కౌంటర్-స్ట్రైక్ 2 మూడవది. తుపాకీ గుణాన్నో గురినో అమ్మేవి చిట్టచివర. వాటికి ఉచితమన్న పేరు వాడకూడదని నా మనవి.

పట్టికలు రాసే మిత్రులకు ఒక విన్నపం. ధర గడిలో సున్నా వేయకండి. పెట్టె ఉంటే పెట్టె అని, శాతం తెలిస్తే శాతం రాయండి. తెలియకపోతే ఆ ముక్కే రాయండి. తల్లిదండ్రులకు ఇంకొకటి. పిల్లవాడిని 'తుపాకీ ఎందుకు పట్టుకున్నావు?' అని అడగడం మానండి. 'పెట్టె ఏమైనా తెరిచినావా?' అని అడగండి. మొదటి ప్రశ్నకు వాడు నవ్వుతాడు. రెండవదానికి వాడి ముఖం చూస్తే మీకే తెలుస్తుంది.

జమ్మలమడుగు పిల్లవాడికి నేను పాత కంప్యూటరు ఒకటి ఇచ్చి వచ్చాను, అసాల్ట్‌క్యూబ్ వేసి. వాళ్ల నాన్న ఇంకా నామీద కోపంగానే ఉన్నాడు, తుపాకీ ఆటే కదా అని. నా లెక్కల్లో తప్పుంటే చెప్పండి, దిద్దుకుంటాను. ఉత్తమ పురుషలో చెబితే మరీ సంతోషం.